మలుపు దగ్గర గొంతు

ఆ ఏడు మా ఊరిని లెక్కపెట్టింది నేనే. ఎనిమిది వందల పైచిలుకు ఉంటామని ఊళ్ళో అందరూ ధీమాగా ఉండేవాళ్ళు. ఆరు వందల పదిహేడు మంది తేలాం. అందులో మా ఇంట్లో వాళ్ళం ముగ్గురం.

ఖర్జూరాల కోత, టూరిస్టుల సీజను, జనాభా లెక్కలు మూడూ కలిసి ఒకేసారి మీద పడ్డాయి. స్ఫాక్స్ రేవుపట్నంలో నేను పనిచేసే చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడడంతో ఆగస్టులోనే ఇల్లు చేరాను. నాకు భూగోళశాస్త్రంలో డిగ్రీ ఉంది. ఆ డిగ్రీకి భూగోళం మీద ఎక్కడా ఉద్యోగం దొరకలేదు గానీ, సొంత ఊళ్ళో ఇంటింటికీ తిరిగే పని మాత్రం దొరికింది. తోజర్ పట్నంలో వారం రోజులు శిక్షణ ఇచ్చి, మెడలో ఒక కార్డు వేసి, చేతిలో ఒక టాబ్లెట్ పెట్టి పంపించారు. మా అమ్మ ఆ కార్డు చూసి, "ఇంట్లో ఇద్దరికి కార్డులు! ఇక మనల్ని పట్టుకునేవాళ్ళు లేరు" అని మురిసిపోయింది.

రెండో కార్డు బాబాది. మా నాన్న తిజానీ మా ఊరు ఐన్ జఫ్రాలోనే గైడు. తోజర్ హోటళ్ళ నుంచి జీపుల్లో వచ్చేవాళ్ళని వరదకి కూలిన పాత ఊరి మీదుగా లోయలోకి దింపి, ఊట చూపించి, మళ్ళీ జీపుల దగ్గరికి చేర్చేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో మిగతా వాళ్ళందరి బతుకూ ఆ దారినే అంటిపెట్టుకుని ఉండేది. దారి మొదట్లో రొట్టెలు, ఇంకాస్త ముందుకి పళ్ళరసం, కూలిన మసీదు పక్కన కంబళ్ళు, మలుపు దగ్గర రాళ్ళు. జీపులు ఊళ్ళో ఆగేది గంటసేపు. ఆ గంట మీద ఆరు వందల పదిహేడు మందిమి బతికేవాళ్ళం.

లెక్కలంటే మా వాళ్ళకి ఒకటే అనుమానం. సర్కారు ఏదో ఇవ్వడానికి వచ్చిందో, ఉన్నది ఊడబెరకడానికి వచ్చిందో తేలదు. అందుకని రెండింటికీ సిద్ధంగా ఉండేవాళ్ళు. ఒక ఇంట్లో ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి పెట్టారు.

"అదేంటి బాబాయ్?" అన్నాను.

"మా అత్తగారు. నలతగా ఉందని పడుకుంది."

"నిలబడి పడుకుందా?"

"ఆవిడ అంతే. మొండిది."

లోపల నుంచి అత్తగారు గుర్రుమంటూనే ఉంది. నేను ఫ్రిజ్ ఉందని రాసుకున్నాను.

ఆ టాబ్లెట్‌లో ఆరోగ్యం మీద ఒక ప్రశ్న ఉంది. చూపుతో ఇబ్బంది ఉందా: లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అస్సలు కనపడదు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఊరు ఊరంతా గుడ్డిదైపోయేది. వికలాంగుల పింఛను వస్తుందని ఎవరో పుట్టించారు. పొద్దున చెట్టెక్కి గెలలు కోసినవాడు సాయంత్రానికి నా మొహం ఆనడం లేదనేవాడు. నాకు నవ్వొచ్చేది. అడిగి అడిగి ఆ ప్రశ్న నా నోట్లో అరిగిపోయింది. మా ఇల్లు మాత్రం రాయలేదు. ఇంట్లోదే కదా, ఎప్పుడైనా రాయొచ్చులే అని ఆఖరికి పెట్టుకున్నాను.

సాల్హా అవ్వ ఇంటికి వెళ్ళింది రెండో వారంలో. దారి మొదట్లో మట్టిపొయ్యి పెట్టుకుని రొట్టెలు అమ్మేది ఆవిడే. ఎనభై దాటాయి. గుమ్మంలో ఎండకి కూర్చుని పాత జుబ్బా కుడుతోంది.

"కళ్ళు అస్సలు కనపడవని రాయి" అంది, నేను అడక్కముందే.

"అవ్వా, సూదిలో దారం ఎక్కిస్తున్నావు."

"అది అలవాటు."

"అలవాటు మీద దారం ఎక్కుతుందా?"

"ఎందుకెక్కదే? మీ నాన్న లోయ దిగట్లా? అదీ అలవాటు మీదేగా."

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు. సూది ఒళ్ళో పెట్టేసి నా వైపు చూసింది. తర్వాత జుబ్బా మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నీకు చెప్పలేదా మీ ఇంట్లోవాళ్ళు?" అంది చివరికి.

ఆగస్టు నుంచి ఇంట్లో చూస్తున్నవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. బాబా టీ పోసేటప్పుడు గ్లాసు అంచు మీద వేలు పెట్టుకోవడం. ఫోన్ నాకిచ్చి "కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, ఏమొచ్చిందో చదువు" అనడం. కంచంలో ఏది ఎటు వైపు ఉందో అమ్మ గొణుగుతున్నట్టు చెప్పడం. వయసు మీద పడిందనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

"చూపు పోయి రెండేళ్ళు దాటింది తల్లీ" అంది అవ్వ. "మొదట లజ్‌హర్ గాడు కనిపెట్టాడు. మీ నాన్న వాడి దుకాణం ముందు నిలబడి, వాణ్ణే 'లజ్‌హర్ ఏడీ' అని అడిగాడంట. ఆ రోజు నించి ఎవరం ఎదురైనా ముందు మా పేరు చెప్తాం. దారిలో రాయి పడితే ఎవరికి కనపడితే వాళ్ళు తీసేస్తారు. కొట్టు ముందు కుర్చీ జరిపితే జరిపినవాడికి చీవాట్లే. అంతే. అదేమన్నా పెద్ద పనా?"

"బాబాకి తెలుసా, మీకు తెలుసని?"

"తెలిస్తే దిగుతాడటే లోయ? మీ అమ్మకీ తెలీదు మాకు తెలుసని. నువ్వు కూడా తెలీనట్టే ఉండు. ఇప్పుడు నా కళ్ళు ఏమని రాస్తున్నావు?"

"బాగా కనపడతాయని."

"పాపిష్టిదానా" అంది అవ్వ, మనస్ఫూర్తిగా.

మర్నాడు పొద్దున పని మానుకుని బాబా వెనకాల వెళ్ళాను, చాలా దూరంగా. ఎనిమిది మంది ఇటలీ వాళ్ళు వచ్చారు. బాబా ఇస్త్రీ జుబ్బా, మెళ్ళో కార్డు, చేతిలో ఆలివ్ కర్ర. ముందు ఆయన, వెనక వాళ్ళు.

"తిజానీ, సాల్హాని" అని అవ్వ కేకేసింది.

"తెలుస్తూనే ఉంది, రొట్టె మాడింది" అన్నాడు బాబా.

"మాడితే నీకెందుకు, కొంటావా పెడతావా!"

వాళ్ళు ఎప్పుడూ ఇలాగే అరుచుకుంటారు, మా ఊళ్ళో వాళ్ళకి నోరెక్కువ అని నేను అనుకునేదాన్ని. బాబా ఆగకుండా నడిచాడు. పాత ఊళ్ళో కూలిన ఇళ్ళని చూపిస్తూ వరద కథ చెప్పాడు. చెయ్యి సరిగ్గా ఆ ఇళ్ళ వైపే చూపించింది. రాతిగోడని మోచేత్తో తాకీ తాకనట్టు తాకుతూ, వీపు నిటారుగా పెట్టుకుని దిగాడు. ఆ మెట్ల మీద కళ్ళున్న దాన్ని నేనే రెండుసార్లు జారాను.

అసలు కష్టం మలుపు దగ్గర ఉంది. అక్కడ దారి ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది. తిరక్కుండా నేరుగా వెళితే నాలుగడుగుల బండ, దాని తర్వాత ఏమీ లేదు. అడుగున ఎండిన వాగు. చేత్తో తాకడానికి అక్కడ గోడ కూడా లేదు. అక్కడే లజ్‌హర్ బాబాయ్ బల్ల వేసుకుని ఎడారి గులాబీలనే పూరేకుల్లాంటి రాళ్ళు, పగలగొడితే లోపల స్ఫటికాలుండే గుండ్రాళ్ళు అమ్మేవాడు. తెల్ల స్ఫటికాలకి గిరాకీ లేదని ఇంట్లో ఊదారంగు పూసి తెచ్చేవాడని ఊరందరికీ తెలుసు.

"ఇక్కడ ఒక దొంగ ఉంటాడు, జేబులు జాగ్రత్త" అన్నాడు బాబా ఫ్రెంచిలో.

"రాళ్ళు! కొండ రాళ్ళు! చూస్తే డబ్బులడగను!" అని లజ్‌హర్ బాబాయ్ గొంతు చించుకున్నాడు.

ఇటలీ వాళ్ళు నవ్వారు. ఆ గొంతు తన కుడిచెవికి తగిలిన చోట బాబా చక్కగా ఎడమకి తిరిగాడు. లజ్‌హర్ బాబాయ్ ఆయన వెళ్ళేదాకా అరుస్తూనే ఉన్నాడు. తర్వాత దూరంగా ఉన్న నన్ను చూశాడు. నేనూ ఆయన్ని చూశాను. నేను ఒక బండ చాటుకి వెళ్ళి ఏడ్చాను. బాబా మీద జాలితో కాదు. ఊరి మీద ప్రేమతో, సిగ్గుతో.

ఆ సాయంత్రం అమ్మ పిండి కలుపుతూ అడిగింది.

"మన ఇల్లు ఎప్పుడు రాస్తావే?"

"ఆఖర్న."

"కళ్ళ సంగతి కూడా అడుగుతారటగా."

"అడుగుతారు."

అమ్మ పిండిని గట్టిగా గుద్దింది. "మీ నాన్నకి బాగా కనపడతాయని రాయి."

"సరే."

"సరే అంటావేంటి, ఎందుకని అడగవే?"

నేను తల వంచుకున్నాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. నాకు తెలుసని ఆవిడకి అర్థమైంది. పెరట్లో బాబా మేకతో మాట్లాడుతున్నాడు, అది వినపడుతోంది.

"తోజర్ డాక్టరు చూశాడు" అంది అమ్మ గొంతు తగ్గించి. "కంటి నరం ఎండిపోయిందన్నాడు. మందు లేదన్నాడు. జనవరిలో కార్డు మళ్ళీ ముద్ర వేయించాలి. ఆ లెక్కల్లో గుడ్డి అని రాస్తే ఇక వేస్తారా?"

"ఆ ఆఫీసు వేరమ్మా. మేం రాసింది ఎవరికీ చూపించరు."

"ఆఫీసూ ఆఫీసూ మాట్లాడుకోవా ఏం? డబ్బు సంగతి కాదే. ఉల్లిపాయా రొట్టే తిని బతుకుతాం. ఆ లోయ మానేస్తే ఆయన ఏమైపోతాడో నేను చూడలేను. నువ్వు చూడగలవా?"

చూడలేనన్నాను. బాగా కనపడతాయని రాస్తానని మాట ఇచ్చాను. బాబా లోపలికొచ్చి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఏంటి, తల్లీకూతుళ్ళు నా మీద చాడీలు చెప్పుకుంటున్నారా?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. కాస్త ఎక్కువే నవ్వామేమో.

మూడో వారంలో నాకు అసలు భయం పట్టుకుంది. అప్పటిదాకా నేను మనుషుల్ని లెక్కపెట్టాను. ఇప్పుడు తాళాలు లెక్కపెట్టాల్సి వచ్చింది. ఎవరూ ఉండని ఇల్లయితే 'ఖాళీ' అని నొక్కాలి. పై వీధిలో వరసగా ఏడు ఖాళీలు నొక్కాను. పళ్ళరసం నూరీ వాళ్ళది ఖాళీ. కంబళ్ళు అమ్మే హమ్మా వాళ్ళదీ ఖాళీ.

మా ఊరు వదిలిపోయేవాళ్ళు చెప్పి పోరు. చెప్తే ఉన్నవాళ్ళ మొహాలు చూడాలి, వాళ్ళు వద్దనాలి, వీళ్ళు త్వరలో వస్తామని అబద్ధం ఆడాలి. అదంతా ఎందుకని తెల్లారగట్ల సామాను ఎక్కించుకుని వెళ్ళిపోతారు. తాళం చూసి మిగతా వాళ్ళు తెలుసుకుంటారు. తర్వాత వాళ్ళ ఊసు ఎత్తరు, అది మర్యాద. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆనవాయితీయే. కానీ ఆ రోజు ఒక తాళం ముందు నిలబడి ఉండగా తట్టింది నాకు, బాబా తాళాన్ని చూడలేడని. ఎవరెవరు వెళ్ళిపోయారో ఊరంతటిలో ఆయనొక్కడికే తెలియదని.

బుధవారం లజ్‌హర్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన ఊదారంగు రాళ్ళని పాత పేపర్లలో చుడుతున్నాడు. భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ మొహం ఉబ్బిపోయి ఉంది.

"రాసుకో, త్వరగా రాసుకో" అన్నాడు. "శుక్రవారం తర్వాత వస్తే దొరకం."

"ఎక్కడికి బాబాయ్?"

"గాబెస్. దీని కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు మెషీను ఎక్కించాలంట. ఇక్కడ మెషీను కాదుగదా సూది వేసేవాడు కూడా లేడు. చెల్లెలి కొడుకు ఏదో వాచ్‌మన్ పని చూశాడు."

నేను రాసుకున్నాను. చూపు ప్రశ్న వచ్చింది. ఇద్దరికీ లేదు అని నొక్కాను. ఆయన చేతిలో రాయి చుట్టడం మానేసి అలాగే కూర్చున్నాడు.

"మీ నాన్నకి నేను చెప్పలేకపోయా" అన్నాడు. "నాలుగు రోజుల నించి నోటిదాకా వస్తోంది. ఏమని చెప్పను? 'నేను పోతున్నా, మలుపు దగ్గర చూసుకో' అంటే నీకు కనపడదని నాకు తెలుసన్నట్టేగా. రెండేళ్ళు కడుపులో దాచుకుని, పోయే ముందు ఆయన మొహాన కొట్టమంటావా? నువ్వు కూతురివి. నువ్వు చెప్పు."

"చెప్తాను" అన్నాను.

"ఇవాళే చెప్పు."

"ఇవాళే చెప్తాను."

చెప్పలేదు. బుధవారం సాయంత్రం బాబా హుషారుగా ఉన్నాడు. ఒక జర్మన్ ముసలాయన పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి, తనని గుర్తుపట్టి కౌగిలించుకున్నాడట. "నువ్వేం మారలేదు తిజానీ అన్నాడే" అని మూడుసార్లు చెప్పాడు. ఆ మొహం చూస్తూ నేను నీళ్ళు నమిలాను. శుక్రవారం దాకా టైముంది కదా, రేపు చెబుదాంలే అనుకున్నాను. మా ఊళ్ళో పోయేవాళ్ళు చెప్పిన రోజున పోరన్న సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా అనుకున్నాను.

గురువారం పొద్దున తొమ్మిదింటికి పాత ఊరికి పైన, ఒంటరిగా ఉన్న రెండు ఇళ్ళు రాయడానికి వెళ్ళాను. రెండూ ఖాళీయే. 'ఖాళీ' అని నొక్కి కిందికి చూస్తే మలుపు కనపడింది. మలుపు దగ్గర బల్ల లేదు.

అదే సమయానికి బాబా మాట వినపడింది. ఆరుగురు ఫ్రెంచి వాళ్ళు వెనక వస్తున్నారు. అందులో ఒకావిడ నడుముకి పసిబిడ్డని కట్టుకుని ఉంది. బాబా వరద కథ ముగించాడు. మలుపు దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ ఒక దొంగ ఉంటాడు, జేబులు జాగ్రత్త" అన్నాడు.

ఎవరూ బదులు పలకలేదు. ఫ్రెంచి వాళ్ళు అటూ ఇటూ చూశారు. ఒకాయన మర్యాదకి నవ్వాడు.

బాబా కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. తల కొంచెం పక్కకి వంచాడు. "ఇక్కడ ఫొటోలు బాగుంటాయి, తీసుకోండి" అన్నాడు. వాళ్ళు తీసుకున్నారు. ఆయన వింటూ నిలబడ్డాడు. ఫొటోలు అయిపోయాయి. వాళ్ళు ఆయన వెనకాలకి చేరి, ఇక పదమన్నట్టు ఎదురు చూశారు. బాబా ఒక అడుగు వేశాడు. నేరుగా వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వాళ్ళు ఆరుగురూ ఏ అనుమానమూ లేకుండా ఆయన వెంటే కదిలారు.

"బాబా" అని అరవాలి నేను. కానీ అది రాలేదు నోటికి.

"రాళ్ళు! కొండ రాళ్ళు!" అని అరిచాను. "చూస్తే డబ్బులడగను!"

ఫ్రెంచి వాళ్ళు తలెత్తి చూశారు. పైన బండ మీద ఒక ఆడపిల్ల, చేతిలో టాబ్లెట్, దగ్గర ఒక్క రాయి కూడా లేదు. నేను పరుగున కిందికి దూకి, బల్ల ఉండే చోట నిలబడి మళ్ళీ అరిచాను. మళ్ళీ మళ్ళీ అరిచాను. బాబా అడుగు నా మొదటి కేకకే గాల్లో ఆగింది. మొహం నా వైపు తిరిగింది. నా గొంతు ఆయనకి తెలియకుండా ఉంటుందా? అంత నిశ్చలంగా ఆయన మొహాన్ని నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత ఎడమకి తిరిగి, "రండి, ఊట దగ్గరికి వచ్చేశాం" అని వాళ్ళని తీసుకుని వెళ్ళాడు.

వెళ్ళిన దారినే తిరిగి రావాలి. నేను అక్కడే నిలబడ్డాను. ముప్పావుగంటకి వాళ్ళు వచ్చారు. మళ్ళీ అరిచాను. పసిబిడ్డ తల్లి నాకు ఒక నాణెం ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

మధ్యాహ్నం బాబా ఇంటికొచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, చాప మీద కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"లజ్‌హర్ ఎప్పుడు పోయాడు?" అన్నాడు బాబా.

"తెల్లారగట్ల."

"నీకు ముందే తెలుసా?"

"నిన్న చెప్పాడు. నీకు చెప్పమన్నాడు."

బాబా తలూపాడు. కోప్పడితే బాగుండేది.

"నూరీ?"

"తాళం బాబా."

"రంజాన్ నించి వాడి గొంతు వినపడట్లా. నా మీద అలిగాడనుకున్నా. ఎందుకు అలిగాడా అని ఇన్ని నెలలూ ఆలోచించా" అన్నాడు. "హమ్మా?"

"తాళం."

"మసీదు పక్కన దగ్గుతుండే ముసలాయన?"

"ఆయన్నీ తీసుకుని పిల్లలు ఇల్లు తాళం వేసుకుని వెళ్ళారు."

"మరింక దారిలో ఎవరున్నారే?"

"సాల్హా అవ్వ ఉంది."

బాబా ఇక ఎవరి పేరూ అడగలేదు. అమ్మ పొయ్యి దగ్గర రొట్టెని అటు తిప్పి ఇటు తిప్పి మాడుస్తోంది. నేను బాబా మోకాలు పట్టుకున్నాను.

"నేను నిలబడతా బాబా. రోజూ నిలబడి అరుస్తా."

"లేని రాళ్ళు అమ్ముతావా? ఎన్నేళ్ళు?"

"ఎన్నేళ్ళైనా."

"నీకో రోజు జ్వరమొస్తే?" అన్నాడు. "ఇవాళ నా వెనక ఒక పసిది ఉంది, దాని ఊపిరి వినపడుతూనే ఉంది నాకు. వాళ్ళకి కళ్ళున్నాయి. కానీ నేను ముందుంటే వాళ్ళు కళ్ళు మూసుకుని నడుస్తారే. అది తెలిసి కూడా రెండేళ్ళు దిగాను. మొండితనం. తీయి నీ పలక. మన ఇల్లు రాయలేదుగా."

"రేపు రాద్దాంలే."

"తీయమన్నానా."

తీశాను. పేరు, వయసు, చదువు రాసుకున్నాను. యాభై ఎనిమిది. నాలుగో తరగతి. అన్నీ తెలిసినవే, అయినా అడిగాను, ఆయన చెప్పాడు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. ఊరంతటిలో అలవోకగా అడిగిన ప్రశ్న.

"చూపుతో... చూపుతో ఇబ్బంది ఉందా?"

"అస్సలు కనపడదు."

"కొంచెం అని రాయవే" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి. "కొంచెం ఇబ్బంది ఉంది అని కూడా ఉందటగా. అది రాయి. వెలుతురు తెలుస్తుందిగా ఆయనకి. పొద్దున సూర్యుడొస్తే తెలుస్తుందిగా."

"మహ్బూబా" అని అమ్మని పిలిచాడు బాబా.

అంతే అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను 'అస్సలు కనపడదు' నొక్కాను. అమ్మకి ఇచ్చిన మాట అలా తప్పాను.

"పోయిన వారంలో ఒక్క గంటైనా పని చేశావా?"

"ఇవాళ పొద్దున చేశాగా. చూశావుగా నువ్వు."

"ఏం పని?"

"గైడు" అన్నాడు బాబా. కూర్చున్నవాడు ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

అది నొక్కగానే టాబ్లెట్ కీచుమంది. ఎర్రగా ఒక గడి వచ్చింది.

"ఏమంటుంది?" అన్నాడు.

"ఏం లేదు."

"చెప్పవే."

"ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగడం లేదంటుంది. ఒకే మనిషికి ఎలా కుదిరిందో సరిచూడమంటుంది."

బాబా నవ్వాడు. ఆ రోజంతటిలో అదొక్కటే నవ్వు. "ఊళ్ళో ఇంతమంది ఉండి ఒక్కరూ నన్ను ఈ మాట అడగలేదు. దీనికి మొహమాటం లేదు" అన్నాడు. "సరిచూశానని చెప్పు."

చెప్పాను. గడి మాయమైంది.

మర్నాడు జీపులు వచ్చిన చప్పుడు విని కూడా బాబా కదలలేదు. జీపులు వెళ్ళిపోయాక రొట్టెల కోసం బయల్దేరాడు. నేను వెంట వెళ్ళాను. సాల్హా అవ్వ ఎప్పటిలాగే, "తిజానీ, సాల్హాని" అని కేకేసింది.

"ఇక పేరు చెప్పక్కర్లేదు పిన్నీ. నేను లోయ మానేశా" అన్నాడు బాబా. "ఇన్నాళ్ళూ అరిచారు మీరంతా. మీ గొంతులకి ఋణపడ్డాను."

అవ్వ పొయ్యి వదిలేసి వచ్చింది. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుని ఏడ్చింది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. ఇక దాచడానికేముంది? ఆ వారం నుంచి బాబా వీధిలోకి వస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకునేవాళ్ళు. రాయి ఉంది, జాగ్రత్త అనేవాళ్ళు. మెట్టు ఉంది అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు తను నడిచిన దారిలో, తనకి కంఠతా వచ్చిన మెట్ల మీద, పాపం అంటూ నడిపించేవాళ్ళు. రెండేళ్ళ పాటు ఆయన్ని నడిపించింది ఆ మనుషులే. అప్పుడు ఒక్కరూ ఆయన్ని ముట్టుకోలేదు.

బాబా ఎవరినీ వద్దనలేదు. పట్టుకున్న ప్రతివాడికీ చెయ్యి ఇచ్చాడు, దీవించాడు. ఇంటికొచ్చాక మాత్రం పెరట్లో కుండ దగ్గర కూర్చుని, ఆ చెయ్యిని చాలాసేపు కడుక్కునేవాడు.